స్కాన్ చేశాం సరే, దొరికేదెలా? ఫోల్డర్లు, పట్టిక, ఓసీఆర్, సాఫ్ట్‌వేర్‌లలో ఎవరికి ఏది

2015 డిసెంబర్ వరదల్లో చెన్నైలో ఎన్నో ఇళ్లల్లో బీరువాల అడుగు అరల్లోని కాగితాలు తడిసి ముద్దయ్యాయి. పోయిన పట్టాలకు, సర్టిఫికెట్లకు నకళ్లివ్వడానికి ప్రభుత్వం ప్రత్యేక శిబిరాలు పెట్టాల్సి వచ్చింది. ఆ దెబ్బతో స్కానింగ్ మొదలుపెట్టిన తెలుగిళ్లు, సంఘాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. మాంబళంలోనో పెరంబూరులోనో ఏ సంఘం ఆఫీసుకు వెళ్లినా ఓ హార్డ్ డిస్క్ చూపించి, "అంతా ఇందులో ఎక్కించేశామండీ" అంటారు. "అయితే 1978 వార్షికోత్సవం కరపత్రం ఒకసారి తీయండి" అంటే కాసేపు మౌస్ కదులుతుంది, తరవాత కాఫీ వస్తుంది.

స్కానర్ల సంగతి ఇక్కడ ఎత్తను. స్కాన్ చేసినవాటిని అమర్చుకోవడానికి ఉన్న దారుల్లో ఎవరికి ఏది సరిపోతుందో చూద్దాం. నా లెక్క ముందే చెప్పేస్తాను. పది మందిలో ఎనిమిది మందికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. లోతు లేని ఫోల్డర్లు, వరస తప్పని ఫైల్ పేర్లు, శ్రద్ధగా నింపిన ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. మిగతా ఇద్దరికి ఎందుకు చాలదో కూడా చెప్తాను.

ఏది ఎంచుకోవాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: వెతకడానికి వచ్చేవాళ్లు ఏమని అడుగుతారు? ఇంట్లో అయితే "నాన్నా, అన్నానగర్ ఫ్లాట్ ఈసీ ఎక్కడుంది?" అని అడుగుతారు (ఈసీ అంటే ఆస్తి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). అడిగేది కాగితం రకం, ఆస్తి పేరు. సంఘంలో అయితే "అన్నా, హరికథకి వచ్చిన ఆ భాగవతార్ గారి ఫొటో ఉందా?" అంటారు. అక్కడ కావాల్సింది మనిషి, సందర్భం. పాత పత్రికల సేకరణలో అయితే ఫలానా రచయిత వ్యాసం ఏ సంచికలో, ఏ పేజీలో అన్నది ప్రశ్న. ఈ మూడింటికీ ఒకే అమరిక పనికిరాదు. తమ దగ్గరికి వచ్చే ప్రశ్నలు ఏవో రాసుకోకుండా సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లే ఎక్కువ.

ఫోల్డరా, ట్యాగా

ఈ తగువు మన ఊరికి కొత్తది కాదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ దీని మీదే ఏళ్ల తరబడి కూర్చుని 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చారు. ఒక పుస్తకాన్ని ఒకే గూట్లో ఇరికించకుండా అందులోని విషయాన్ని ముఖాలుగా విడదీయడం ఆయన పద్ధతి. ప్రధాన వస్తువు, పదార్థం, క్రియ, స్థలం, కాలం అని అయిదు ముఖాలు. వాటిని గుర్తులతో కలిపి ఒక సంఖ్య రాస్తారు. (ఆయన పద్ధతికి పేరు తెచ్చిన కోలన్ గుర్తును విండోస్ ఫైల్ పేర్లలో పెట్టనివ్వదు. రంగనాథన్ గారు ఉంటే ఏమనేవారో.)

మీ సంఘం ఫొటో ఒకటి తీసుకోండి. 1978లో టీనగర్ హాల్లో జరిగిన వార్షికోత్సవంలో ఒక గాయకుడు పాడుతున్నాడు. దీన్ని "1978" ఫోల్డర్లో పెట్టాలా, "వార్షికోత్సవాలు"లోనా, "కళాకారులు"లోనా? ఫోల్డర్ ఒక చోటే పెట్టమంటుంది. దాంతో మనవాళ్లు మూడింట్లోనూ ఒక్కో కాపీ పెడతారు. ఆర్నెల్ల తరవాత ఒకదానికి పేరు సరిచేస్తారు, మిగతా రెండూ తప్పుగానే ఉండిపోతాయి. గూగుల్ డ్రైవ్ కూడా 2020 నుంచి ఒక ఫైల్‌ని ఒక ఫోల్డర్లోనే ఉంచుతోంది. రెండో చోట కనబడాలంటే షార్ట్‌కట్ పెట్టుకోవాలి.

ట్యాగులు ఈ చిక్కు తీరుస్తాయి. ఒకే ఫొటోకి నాలుగు ట్యాగులు తగిలించొచ్చు. అయితే ఆ ట్యాగ్ ఎక్కడ దాగి ఉందన్నది చూసుకోవాలి. విండోస్‌లో జేపెగ్ ఫొటోకి పెట్టిన ట్యాగ్ ఫైల్ లోపలే ఉంటుంది, ఫైల్‌తో పాటు వెళ్తుంది. పీడీఎఫ్‌కి అలా పెట్టుకునే వీలే విండోస్‌లో లేదు. మ్యాక్‌లో పెట్టిన రంగు ట్యాగ్ పెన్‌డ్రైవ్ మీదుగా విండోస్ మెషీన్‌లోకి వెళ్తే అక్కడ కనబడదు. గూగుల్ ఫోటోస్‌లో మనుషుల ముఖాలకు పెట్టిన పేర్లు ఆ ఖాతాలోనే ఉంటాయి, ఫొటో ఫైల్లోకి ఎక్కవు. ఇంటి ఫొటోలకు అది హాయిగానే ఉంటుంది. సంఘం చరిత్రంతా దాని మీద నిలబెట్టడం మాత్రం నాకు నచ్చదు.

అందుకని ఫోల్డర్‌ని వెతకడానికి కాకుండా దాచడానికే వాడుకోండి. రెండు అంతస్తులు దాటనివ్వకండి. పై అంతస్తులో వస్తువు రకం (పత్రాలు, ఫొటోలు, ఆడియో, సంచికలు), కింద సంవత్సరం లేదా దశాబ్దం. "కార్యదర్శి గారు పంపినవి", "కొత్తవి", "కొత్తవి 2" అనేవి ఫోల్డర్ పేర్లు కావు. మిగతా ముఖాలన్నిటికీ చోటు పట్టికలో ఉంది.

ఫైల్ పేరు తెలుగులోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా

మనసుకి తెలుగే నచ్చుతుంది, కానీ చిక్కులున్నాయి. లినక్స్‌లోనూ, ఇళ్లల్లో నెట్‌వర్క్‌కి తగిలించి పెట్టుకునే చాలా హార్డ్ డిస్క్ డబ్బాల్లోనూ (వీటినే నాస్ అంటారు) ఫైల్ పేరుకి హద్దు 255 బైట్లు. తెలుగులో ప్రతి అచ్చుకి, హల్లుకి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి విడివిడిగా మూడేసి బైట్లు పోతాయి. అంటే 85 గుర్తులతో సరి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే ఆరు గుర్తులు ఖర్చు. "తెలుగు మహాజన సంఘ వార్షికోత్సవ ఆహ్వాన పత్రిక, రెండవ భాగం, సవరించిన ప్రతి" అని మురిపెంగా పేరు పెట్టి ఇంకో నాలుగైదు మాటలు తగిలిస్తే విండోస్‌లో ఒప్పుకున్నది నాస్‌లోకి కాపీ అయ్యేటప్పుడు మొరాయించవచ్చు. పాత జిప్ ప్రోగ్రాముల్లో మూట కట్టి విప్పితే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారిపోవడం కూడా మామూలే.

ఇంగ్లీషు అక్షరాల్లో రాద్దామంటే మన స్పెల్లింగులు మనిషికొక తీరు. దీనికి పెద్ద ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఆ పథకంలో స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలల్లో ఉన్నాయి. వాటి పేర్లను ఎక్కించినవాళ్లు ఎవరికి తోచిన ఇంగ్లీషు స్పెల్లింగులో వాళ్లు ఎక్కించారు. పుస్తకం అక్కడే ఉంటుంది, తెలుగులో పేరు కొడితే రాదు. నాలుగైదు రకాలుగా మార్చి మార్చి కొడితే ఒకసారి తగులుతుంది. వెలకట్టలేని సంపద అలా సగం మూతపడి ఉంది. స్కానింగ్ మీద పెట్టిన ఖర్చులో కొంచెం పేర్ల మీద పెట్టి ఉంటే బాగుండేదని ఆ సేకరణ వాడినప్పుడల్లా అనిపిస్తుంది.

నా ఎంపిక రెండూ కాదు. ఫైల్ పేరులో తేదీ, వరస సంఖ్య, ఓ చిన్న మాట ఉంటే చాలు. తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాయాలి: 1978-10-12-0045 అని. అలా రాస్తే ఏ కంప్యూటర్లోనైనా వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. నెల, రోజు తెలియకపోతే సున్నాలు పెట్టండి: 1978-00-00. చివరి నాలుగంకెలు ఆ వస్తువుకి శాశ్వత సంఖ్య. ఫోల్డర్ మారినా, తేదీ సరిదిద్దినా అది మాత్రం మారకూడదు. తెలుగు శీర్షిక, వివరం అంతా పట్టికలో ఆ సంఖ్యకి ఎదురుగా రాసుకోవాలి.

పట్టిక: అసలు పనంతా ఇక్కడే

గూగుల్ షీట్స్ అయినా సరే, ఎక్సెల్ అయినా సరే. వరసకి ఒక వస్తువు. సంఖ్య, శీర్షిక, రకం, తేదీ, మనుషులు, స్థలం, సందర్భం, భాష, అసలు కాగితం ఎక్కడుంది, ఎవరిచ్చారు, వివరణ. ఈ గడులు నా సొంత కల్పన కావు. 1995లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్ ఊళ్లో మొదలైన, వస్తువుల వివరాలు రాసుకునే డబ్లిన్ కోర్ ప్రమాణంలో పదిహేను అంశాలుంటాయి. నేను చెప్పిన గడుల్లో చాలావరకు వాటిలోకి సరిగ్గా దిగుతాయి. రేపు పెద్ద సాఫ్ట్‌వేర్‌లోకి మారాలనుకుంటే ఈ పట్టికే ఎగుమతి అవుతుంది. అందుకే ముందు ఇది చేయమంటున్నాను. సాఫ్ట్‌వేర్లు వస్తాయి, పోతాయి.

గడులు గీయడం పది నిమిషాల పని. కష్టమంతా వాటిని ఒకే తీరున నింపడంలో ఉంది. మన సేకరణల్లో మూడు చోట్ల బండి దిగబడుతుంది.

మొదటిది తేదీలు. పాత తెలుగు ఉత్తరాలు, శుభలేఖలు, ఉగాది సంచికల మీద సంవత్సరం పేరే ఉంటుంది. క్రోధి అని ఉంటే అది 1904-05 కావొచ్చు, 1964-65 కావొచ్చు, 2024-25 కావొచ్చు. కాగితాన్ని, అందులోని మనుషుల్ని చూసి తేల్చాలి. పైగా ఉగాదికి మొదలయ్యే ఏడు రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీదుగా నడుస్తుంది. చెన్నైలో ఇంకో మెలిక ఉంది. తమిళులకూ అవే అరవై పేర్లు, కానీ వాళ్ల ఏడాది చిత్తిరై ఒకటిన, అంటే ఏప్రిల్ నడుమన మొదలవుతుంది. కాబట్టి ఉగాదికీ ఆ రోజుకీ మధ్య రాసిన కాగితం తెలుగువాళ్ల చేతిలో కొత్త సంవత్సరంగా, తమిళ గుమాస్తా చేతిలో పాత సంవత్సరంగా ఉంటుంది. రెండు గడులు పెట్టుకోండి: కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఒకదాంట్లో, మీరు తేల్చిన ఇంగ్లీషు తేదీ రెండోదాంట్లో. ఆ రెండోదాన్ని ఎక్సెల్‌లో తేదీగా కాకుండా టెక్స్ట్‌గా ఉంచండి. 1900కి ముందు తేదీలు ఎక్సెల్‌కి తేదీలుగా ఆనవు.

రెండోది మనుషుల పేర్లు. ఇది చెన్నై తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి. శుభలేఖలో కొమ్మినేని వేంకటరమణ అని ఉన్న మనిషి స్కూలు సర్టిఫికెట్‌లో ఎస్. వెంకటరమణన్ అయి కూర్చుంటాడు. ఒక దాంట్లో ఇంటిపేరు, ఇంకో దాంట్లో ఈ ఊరి అలవాటు ప్రకారం తండ్రి పేరులోని మొదటి అక్షరం, చివర తమిళపు నకారం. పట్టాలోకి వెళ్తే మరీ ఇబ్బంది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ అంతే. ప, బ లకూ అంతే. తమిళ పత్రాన్ని యంత్రం చేత తెలుగు లిపిలోకి మార్పిస్తే బాలగోపాల్ గారు పాలకోపాల్ అయి దిగుతారు. నవ్వొస్తుంది గానీ, ఆస్తి పంపకాల వేళ అదే పేరు కోసం పట్టికంతా గాలించాలి.

దీనికి మందు గ్రంథాలయాలవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. రెండో షీట్‌లో పేర్ల జాబితా పెట్టండి. ప్రతి మనిషికీ ఒక ఖాయమైన రూపం, దాని పక్కన ఆ మనిషి ఇతర రూపాలన్నీ. మొదటి షీట్‌లో "మనుషులు" గడిలో ఖాయమైన రూపం మాత్రమే పడేలా డ్రాప్‌డౌన్ పెట్టండి. ఎవరైనా కొత్త స్పెల్లింగ్ కొడితే షీటే ఒప్పుకోదు. కాస్త చాదస్తంగా కనిపిస్తుంది. కానీ ఇద్దరు ముగ్గురు కలిసి ఎక్కించే చోట ఇది లేని పట్టిక ఏడాది తిరక్కుండానే పాడైపోతుంది.

మూడోది ఊళ్ల, వీధుల పేర్లు. చెన్నపట్నం, చెన్నపురి, మదరాసు, మద్రాసు, 1996 నుంచి అధికారికంగా చెన్నై. పిట్టి త్యాగరాయ శెట్టి పేరు మీద వచ్చిన త్యాగరాయనగర్ ఒక కాగితంలో టీనగర్, ఇంకోదాంట్లో మాంబళం. పేర్ల జాబితాలోనే వీటికీ వరసలు ఇవ్వండి. కాగితంలో మద్రాసు అని ఉంటే దాన్ని చెరపమని కాదు. శీర్షికలో మద్రాసు ఉండనివ్వండి, స్థలం గడిలో చెన్నై వేయండి.

స్ప్రెడ్‌షీట్‌కి ఎవరూ పట్టించుకోని మేలు ఒకటుంది. దాని ఫైండ్ మాట ముక్కని కూడా పట్టుకుంటుంది. "మద్రాసు" అని కొడితే "మద్రాసులో", "మద్రాసునుంచి" అన్నీ వస్తాయి. మన భాషలో విభక్తులన్నీ మాటకి అతుక్కుపోతాయి కాబట్టి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఓసీఆర్ ఉంటే పట్టిక ఎందుకు?

కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇది. (ఓసీఆర్ అంటే స్కాన్ బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చేత చదివించి టెక్స్ట్‌గా మార్చడం.) "బాబాయ్, ఓసీఆర్ కొట్టించేస్తే ప్రతి మాటా సెర్చ్‌లో వస్తుంది కదా, ఇవన్నీ టైప్ చేయడం దేనికి?" ఇంగ్లీషు కాగితాలకైతే వాళ్ల మాట నిజమే. తెలుగుకి సగమే నిజం.

అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా రెండు. టెస్సెరాక్ట్ ఉచితం, మన కంప్యూటర్లోనే నడుస్తుంది, తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ ఒకేసారి చదవమని చెప్పొచ్చు. మూడు భాషలు ఒకే పేజీలో కలిసే చెన్నై కాగితాలకు ఇది మంచి సుగుణం. రెండోది గూగుల్. డ్రైవ్‌లో బొమ్మని గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు విడదీసి ఇస్తుంది. నా చేతిలో పాత లెటర్‌ప్రెస్ పేజీలకు గూగుల్‌దే మెరుగ్గా వచ్చింది, కానీ పేజీ పేజీకీ చేత్తో చేయాలి, పైగా కాగితం వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది. కుటుంబ ఆస్తి పత్రాలకు టెస్సెరాక్ట్, పాత పత్రికలకు గూగుల్ అని నేను విడదీసుకుంటాను. చేతిరాత ఉత్తరాలకు రెండిటినీ నమ్ముకోలేం.

ఓసీఆర్ బాగా వచ్చినా సెర్చ్ తప్పుతుంది. పూర్తిపాఠం వెతికే ప్రోగ్రాములు చాలావరకు మొత్తం మాటనే పోలుస్తాయి. "గుడి" అని కొడితే "గుళ్లో" రాదు, "ఇల్లు" అంటే "ఇంట్లో" రాదు, "పెళ్లి"కి "పెండ్లి" చిక్కదు. పాత అచ్చులో "సంబంధము", మనం కొట్టేది "సంబంధం". ఇంకా కొన్ని ప్రోగ్రాములు గుణింతపు గుర్తుల దగ్గర మాటను విరిచేస్తాయి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ముందు "కృష్ణ", "స్త్రీ" అని రెండు మాటలు వెతికి చూడండి. అవి సరిగ్గా రాకపోతే మిగతా హంగులెన్ని ఉన్నా పక్కన పెట్టేయండి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తరవాత కంటికి కనబడని గుర్తు ఒకటి దాగి ఉంటుంది. ఒకరు అది పెట్టి, ఒకరు పెట్టకుండా కొడితే చూడ్డానికి దాదాపు ఒకటే మాట, కంప్యూటర్‌కి రెండు మాటలు.

'అను' అనే పాత తెలుగు ఫాంట్ల సంగతి మరవకూడదు. 1990ల నుంచి చాలా ఏళ్లు సావనీర్లు, పత్రికలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టినవే. ఆ ఫైళ్లు, వాటి పీడీఎఫ్‌లు మీ దగ్గర ఉన్నాయనుకోండి, చూడ్డానికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. సెర్చ్‌లో ఒక్క తెలుగు మాట కూడా దొరకదు. వాటిని ఫాంట్ మార్పిడి ప్రోగ్రాముతో ఇప్పటి ప్రమాణమైన యూనికోడ్‌లోకి తేవాలి. అది కుదరకపోతే పేజీలను బొమ్మలుగా మార్చి ఓసీఆర్ చేయడమే తేలిక.

మొత్తానికి పట్టిక మనుషుల్ని, తేదీల్ని, సందర్భాల్ని పట్టిస్తుంది. ఓసీఆర్ మీరు పట్టికలో రాయాలని ఊహించని సంగతుల్ని పట్టిస్తుంది. ఒకటే చేసే ఓపిక ఉంటే పట్టిక చేయండి. ఫొటోల మీద, క్యాసెట్ల మీద ఓసీఆర్‌కి దొరికేది ఎలాగూ ఏమీ ఉండదు.

సాఫ్ట్‌వేర్లు

గూగుల్ డ్రైవ్ ఇప్పటికే అందరి చేతిలో ఉంది, 15 జీబీ దాకా ఉచితం. ఇల్లు గడవడానికి ఇది చాలు. సంఘాలకైతే ప్రమాదం వేరే ఉంది: సేకరణంతా ఒక కార్యదర్శి గారి సొంత జీమెయిల్‌లో ఉండటం. ఎన్నికల్లో కార్యదర్శి మారతారు, పాస్‌వర్డ్ మారదు. పైగా రెండేళ్లు ఎవరూ ముట్టుకోని సొంత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. సంఘం పేరు మీద విడిగా ఖాతా తెరిచి, దాని రికవరీ ఫోన్ నంబర్లు ఎవరివో మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలి.

జొటెరో అసలు పరిశోధకుల కోసం వచ్చింది. 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంవాళ్లు తెచ్చారు, ఉచితం. పాత పత్రికలు పోగేసేవాళ్లకు దీన్ని మించింది నాకు కనబడలేదు. మద్రాసు నుంచి వచ్చిన భారతి, గృహలక్ష్మి, చందమామ లాంటివి సంచికలవారీగా ఉన్నవాళ్లు ఒక్కో వ్యాసానికి రచయిత, పత్రిక, సంపుటం, సంచిక, పేజీలు విడివిడిగా ఎక్కించుకోవచ్చు. ఒకే వ్యాసాన్ని కాపీ చేయకుండా అయిదు కలెక్షన్లలో చూపించొచ్చు, అంటే రంగనాథన్ ముఖాలు ఇక్కడ నిజంగా పనిచేస్తాయి. వాళ్ల సర్వర్‌లో ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీయే, స్కాన్‌లకు అది ఏ మూలకీ రాదు. ఫైళ్లు మీ డిస్క్‌లోనే ఉంచి, వివరాలు మాత్రం సింక్ చేసుకోవాలి.

పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్ ఇంటి కాగితాలకు ముచ్చటైన పనిమంతురాలు. స్కాన్ పడేస్తే టెస్సెరాక్ట్‌తో చదువుతుంది, అసలు ఫైల్ ఉంచుకుంటూనే పీడీఎఫ్-ఏ (చిరకాలం దాచుకోవడానికి ఉద్దేశించిన పీడీఎఫ్) ప్రతి తయారు చేస్తుంది, కరెంటు బిల్లా, ఇంటి పన్ను రశీదా అన్నది కొన్నాళ్లకు అదే పోల్చుకుంటుంది. కానీ ఎప్పుడూ నడిచే ఒక మెషీన్ కావాలి, డాకర్ (ఇలాంటి ప్రోగ్రాములను సర్వర్ మీద నడిపే సాధనం) తెలిసిన మనిషి కావాలి. ఇంట్లో ఓఎంఆర్ ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లాడు ఉంటే పర్లేదు. వాడు ఏ డాలస్‌కో వెళ్లిపోయాక అప్‌డేట్ చేసేదెవరో ముందే ఆలోచించుకోండి. "స్త్రీ" పరీక్ష దీనికీ పెట్టండి.

కాలిబర్ ఈ-పుస్తకాలకే. జాబితాలో తెలుగు పేర్లు తెలుగులోనే చూపిస్తుంది గానీ, డిస్క్‌లో ఫోల్డర్లకు తనకు తోచిన ఇంగ్లీషు అక్షరాల పేర్లు పెట్టుకుంటుంది. ఆ ఫోల్డర్లలో చేత్తో కెలకొద్దు. ఫొటోలు వేలల్లో ఉంటే డిజికామ్ చూడండి. ముఖాలకు పెట్టిన పేర్లు, వివరణలు ఫైల్ లోపలే రాసేలా దాన్ని అమర్చుకోవచ్చు. గూగుల్ ఫోటోస్‌కి లేనిది అదే.

ఒమేకా, డీస్పేస్, గ్రీన్‌స్టోన్ అనే డిజిటల్ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ల పేర్లు కూడా ఎవరో ఒకరు చెప్తారు. డీస్పేస్ 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి చేసింది, విశ్వవిద్యాలయాలు నడుపుకునేది. సంఘానికి అది మోయలేని బరువు. కోహాని కూడా అంటుంటారు గానీ, అది పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే లైబ్రరీకి. ఒమేకా మాత్రం ఆలోచించదగ్గది: మీ సంఘం చరిత్రను బయటివాళ్లకు ప్రదర్శనలా చూపించాలనుకుంటే. లోపల డబ్లిన్ కోర్ గడులే కాబట్టి మీ స్ప్రెడ్‌షీట్ నేరుగా ఎక్కుతుంది. హోస్టింగ్ ఖర్చు ఏటా ఉంటుంది, అది బడ్జెట్‌లో వేసుకున్నాకే దిగండి.

పాత సావనీర్లు, సంఘం హక్కున్న ప్రచురణలు అందరికీ ఇవ్వాలనుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉచితం. ఎక్కించేటప్పుడు శీర్షిక తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండింటా ఇవ్వండి. ఇతరుల రచనలైతే మన చట్టంలో రచయిత పోయిన తరవాత అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి. పట్టాలు, రేషన్ కార్డులు, మెడికల్ కాగితాలు అక్కడికి చస్తే పోకూడదు.

ఇక ఏఐతో మాట్లాడి వెతుక్కునే సాధనాలు. కాగితాలన్నీ పడేసి ప్రశ్న అడిగితే జవాబిస్తాయి, కొన్ని మూలం పేజీ కూడా చూపిస్తాయి. పైపైన జల్లెడ పట్టడానికి బాగానే ఉన్నాయి. ఓసీఆర్‌లో పాలకోపాల్ అయిపోయిన మనిషిని అవీ పోల్చుకోలేకపోవచ్చు, పైగా లేని సంగతిని ధీమాగా చెప్పగలవు. జవాబుతో పాటు మీ శాశ్వత సంఖ్య ఇమ్మని అడిగి, ఆ ఫైల్ తెరిచి చూడకుండా ఏదీ నమ్మకండి.

దేన్ని ఎంచుకున్నా మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఊరి బయట ఉండాలి. చెన్నైలో అడయారు, కూవం పొంగితే ఒకే వీధిలోని రెండు హార్డ్ డిస్క్‌లూ ఒకేసారి మునుగుతాయి. నెల్లూరులోనో తిరుపతిలోనో ఉన్న మేనమామ గారింట్లో ఒకటి పెట్టండి, ఆరు నెలలకోసారి పండక్కి వెళ్లినప్పుడు మార్చుకురండి. పట్టిక కాపీ కూడా అందులోనే ఉండాలి. అది లేకపోతే ఆ డిస్క్‌లో ఏముందో మేనమామకే కాదు, మీకూ తెలియదు.

ఇంకా తేల్చుకోలేకపోతే మీ సేకరణలోంచి ఓ యాభై వస్తువులు తీయండి. వాటిలో తెలుగు ఉత్తరం, తమిళ పట్టా, ఫొటో, సావనీర్ పేజీ, క్యాసెట్ అన్నీ కలవాలి. మీకు నచ్చిన రెండు పద్ధతుల్లోనూ వాటిని ఎక్కించండి. తరవాత ఆ సేకరణ ఎన్నడూ చూడని మనిషిని, వీలైతే తెలుగు చదవడం అంతగా రాని మన మూడో తరం పిల్లనో పిల్లాణ్నో కూర్చోబెట్టి, మొదట్లో రాసుకున్న ప్రశ్నలు ఇచ్చి వెతకమనండి. పక్కన నిలబడి సాయం చేయకండి. ఎక్కడ ఆగిపోతున్నారో చూసి రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఆగిపోతే పేర్ల జాబితాలో ఆ స్పెల్లింగులు కూడా చేర్చాలి, తేదీ దగ్గర ఆగిపోతే రెండో గడి సరిగ్గా నిండలేదు, ఫోల్డర్లలో తిరుగుతూ ఉండిపోతే అంతస్తులు ఎక్కువయ్యాయి.